జనరల్ అంటే ఎవరు?

(సంక్షేమ హాస్టళ్ల విద్యార్థులకు, ఉద్యోగ పరీక్షలకు తయారవుతున్న యువతీ యువకులకు జరిపిన అధ్యయన తరగతిలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన ఈ గంటలో ఇంగ్లీషు చెప్పమన్నారు నిర్వాహకులు. పోటీ పరీక్షలకు పనికొచ్చేదేదైనా చెప్పమన్నారు. సరే, చెప్తాం. కానీ ఒక్క మాట మాత్రమే చెప్తాం. బడికి పోని మీ అమ్మా నాయనలకు కూడా తెలిసిన ఇంగ్లీషు మాట. రోజూ మీ నోట్లో నలిగే మాట. జనరల్.

వ్యాకరణం ప్రకారం ఇది విశేషణం. విశేషణం అంటే చిన్నప్పుడు చదువుకున్నారు గదా, ఒక నామవాచకానికి ముందు నిలబడి అది ఎలాంటిదో చెప్పేది. ఎర్ర ఎద్దు, పాత గొడుగు, జనరల్ ఆసుపత్రి. విశేషణం ఒంటరిగా బతకదు, దాని వెనకాల ఒక నామవాచకం ఉండాలి. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరం పడుద్ది.

ఇక అర్థం. ఏ నిఘంటువు తీసినా ఒకటే చెప్తుంది: ఒకరికో కొందరికో కాకుండా అందరికీ, అన్నిటికీ చెందినది. దీనికి వ్యతిరేక పదాలు స్పెషల్, పర్టిక్యులర్. మన తెలుగులో ఈ ఒక్క మాటకు చాలా మాటలు పెట్టుకున్నాం. జనరల్ ఎలక్షన్లను సార్వత్రిక ఎన్నికలు అంటాం. జనరల్ బాడీ మీటింగును సర్వసభ్య సమావేశం అంటాం. జనరల్ సైన్సును సామాన్య శాస్త్రం అన్నాం. సచివాలయంలో ఉండేది సాధారణ పరిపాలన శాఖ. సార్వత్రికం, సర్వం, సామాన్యం, సాధారణం. అన్నిట్లోనూ అందరూ ఉన్నారు. ఒక్క జనరల్ సెక్రటరీ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయన 'ప్రధాన' కార్యదర్శి అయ్యాడు! సైన్యంలో జనరల్ కూడా పెద్దాయనే. ఒక్క దళానికి కాక మొత్తం సైన్యానికి అధికారి గనక ఆ పేరు. అంటే ఈ మాటలో సామాన్యుడూ ఉన్నాడు, అందరి నెత్తిన కూచున్నవాడూ ఉన్నాడు.

దీని పుట్టుక కూడా చెప్తాం. లాటిన్లో పుట్టుకను, తెగను, జాతిని చెప్పే 'జెనుస్' అనే మాట నుంచి ఇది వచ్చింది. సంస్కృతంలో 'జన్' అనే ధాతువుంది. జన్మ, జనం, జాతి అన్నీ దాన్నుంచి పుట్టినవే. ఈ లాటిన్ మాటకు, ఆ సంస్కృత ధాతువుకు మూలం ఒకటేనని భాషా శాస్త్రజ్ఞులు ఎప్పుడో తేల్చారు. కాబట్టి జనరల్ అనే మాటలో జనం ఉన్నారు. జాతి కూడా ఉంది. ఆ మాటలోంచి జనాన్ని బయటికి నెట్టి జాతిని మాత్రం ఎట్లా మిగుల్చుకున్నారో, అదే ఇవాళ మనం మాట్లాడుకోవాల్సింది.

ముందు మనం ఎక్కడెక్కడ జనరల్‌గా ఉన్నామో చూద్దాం. రైలుకు ముందు ఒకటో రెండో, వెనక ఒకటో రెండో తగిలించే జనరల్ బోగీ ఉంది చూశారూ, అది మనదే. వలస కూలీలు, మేస్త్రీ వెంట పోయే కుటుంబాలు, పరీక్షకు పోయే నిరుద్యోగులు, ఒంటికాలి మీద నిలబడేవాళ్లు, మరుగుదొడ్డి తలుపు దగ్గర చంటిపిల్లతో కూచున్న తల్లి, అందరూ అక్కడే. అక్కడ రిజర్వేషన్ ఉన్నవాడు డబ్బున్నవాడు. వాడి బెర్తు వాడికి ఉంటది, పేరు చార్టులో ఉంటది. 'రిజర్వేషన్ మీద వచ్చాడ్రా' అని రైల్లో ఎవడూ ఎవణ్ణీ ఎగతాళి చెయ్యడం మనం చూళ్లేదు. అక్కడ రిజర్వేషన్ గౌరవం! 2023 జూన్ 2న ఒడిశాలో బాలేశ్వర్ దగ్గర బహానగా స్టేషన్లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగింది. 290 మందికి పైగా చనిపోయారు. జనరల్ బోగీలో ఎక్కినవాళ్ల పేర్లు ఏ చార్టులోనూ ఉండవు. చాలా శవాలను వారాల తరబడి గుర్తుపట్టలేకపోయారంటే అదొక కారణం. జనరల్ అంటే అక్కడ పేరు లేనివాడు.

ఆసుపత్రిలోనూ అంతే. గుంటూరు, కాకినాడ, కర్నూలు, ఎక్కడికి పోయినా ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో జనరల్ వార్డు మనది. స్పెషల్ రూము వాళ్లది. జనరల్ నాలెడ్జి సంగతి అడగొద్దు. లందలో తోలు ఎన్నాళ్లు నానాలో, తంగేడు చెక్క ఎంత వెయ్యాలో మా పెద్దలకు తెలుసు. ఆ జ్ఞానం ఏ జనరల్ నాలెడ్జి పుస్తకంలోనూ ప్రశ్న కాలేదు. ఇక బజార్లో 'కిరాణా అండ్ జనరల్ స్టోర్స్' అని బోర్డులుంటాయి. నిజం చెప్పాలంటే ఆ ఒక్క కొట్టుదే నిఘంటువు అర్థం. డబ్బులిస్తే ఎవరికైనా ఇస్తాడు. అదీ అన్ని ఊళ్లలో కాదులెండి, చిల్లర చేతిలో పెట్టకుండా బల్ల మీద వేసే కొట్లు ఉన్నాయి.

సరే. రైల్లో, ఆసుపత్రిలో జనరల్ మనదయినప్పుడు ఎన్నికల్లో, ఉద్యోగాల్లో, కాలేజీ సీట్లలో జనరల్ ఎవరిదయింది? 'మాది జనరల్ అండీ' అంటారు. 'ఆయన ఎస్సీయా, జనరలా?' అని అడుగుతారు. చూడండి, ఇక్కడ ఆ విశేషణం వెనకాల నామవాచకం ఎగిరిపోయింది. జనరల్ ఏమిటి? సీటా, పోస్టా, మనిషా? నామవాచకం ఎగిరిపోయి విశేషణమే కులం పేరయి కూచుంది. మా ఇంగ్లీషు తరగతిలో ఎవడన్నా ఇట్లా రాస్తే తప్పు కొడతాం. జనరల్‌కి వ్యతిరేక పదం స్పెషల్. ఎస్సీ కాదు. షెడ్యూల్డు కులాలకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో జాబితా ఉంది. తెగలకు జాబితా ఉంది. వెనకబడిన తరగతులకు జాబితా ఉంది. 'జనరల్ కులాలు' అని రాజ్యాంగంలో ఒక్క ఆర్టికలు లేదు, షెడ్యూలు లేదు.

మరి ఇది ఎట్లా వచ్చింది? కాస్త చరిత్ర వినండి, కునుకు తీయకండి.

1919 చట్టం కింద తెల్లవాళ్లు శాసనమండళ్లకు ఎన్నికలు పెట్టినప్పుడు నియోజకవర్గాల పేర్లు 'ముహమ్మదీయ', 'ముహమ్మదీయేతర' అని ఉండేవి. జనరల్ అని కాదు. మద్రాసు రాష్ట్రంలో ఇంకో విచిత్రం. బ్రాహ్మణులే అన్నీ ఎగరేసుకుపోతున్నారని బ్రాహ్మణేతర కులాలు ఉద్యమం చేస్తే, 1920లో మెస్టన్ తీర్పు ప్రకారం 28 సీట్లు బ్రాహ్మణేతరులకు రిజర్వు చేశారు. వినపడిందా? రిజర్వు చేశారు! కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసులోనే గదా. ఇవాళ 'మేం జనరల్, మాకు రిజర్వేషన్ల జబ్బు లేదు' అని మీసం తిప్పే భూస్వామి కులాల తాతలు ఆ లెక్కలోనే సభలో కూచున్నారు. తప్పని మేం అనడం లేదు. వాళ్లకు అప్పుడు అవసరమైంది, అడిగారు, తీసుకున్నారు. మనవలు మర్చిపోయారు, అంతే.

ఉద్యోగాల్లో కూడా అంతే. 1920ల చివర్లో జస్టిస్ పార్టీ ప్రభావంతో మద్రాసులో కమ్యూనల్ జీవో అమల్లోకి వచ్చింది. ప్రతి 12 ఉద్యోగాల్లో బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 2, ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ కలిపి 2, అణగారిన తరగతులకు 1. మనకు పన్నెండింట ఒకటి, అది వేరే దుఃఖం. కానీ ఆ లెక్కలో జనరల్ అనే గడి లేదు. ప్రతి గడికీ పేరుంది. బ్రాహ్మణులకు కూడా ఒక గడి, దాని మీద వాళ్ల పేరు! 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కమ్యూనల్ జీవో పద్ధతి చెల్లదంది. ఆ దెబ్బకే రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి వెనకబడినవాళ్ల కోసం 15(4) చేరింది. వెనకబడినవాళ్ల గడులకు పేర్లు ఉండిపోయాయి. మిగతా గడుల మీద పేర్లు చెరిగిపోయాయి. పేరు చెరిగిన గడిలో కూచున్నవాడు కులం లేనివాడయిపోయాడు. జనరల్ అయిపోయాడు. ఇప్పుడు కులం ఎవరికుంది? మనకే ఉంది. కులం ఎత్తుతున్నదెవరు? మనమే ఎత్తుతున్నాం!

ఎన్నికల కథకు మళ్లీ వద్దాం. 1932 ఆగస్టులో కమ్యూనల్ అవార్డు వచ్చింది. అందులో అణగారిన తరగతులకు ప్రత్యేక నియోజకవర్గాలిచ్చారు. దానితో పాటు జనరల్ నియోజకవర్గంలో కూడా ఓటిచ్చారు. రెండు ఓట్లు. గాంధీగారు ఎరవాడ జైల్లో నిరాహార దీక్షకు కూచున్నారు. సెప్టెంబరు 24న పూనా ఒప్పందం. ప్రత్యేక నియోజకవర్గం పోయింది, దాని బదులు రాష్ట్ర సభల్లో 148 సీట్లు రిజర్వు అయ్యాయి. అవి ఎక్కణ్ణుంచి? జనరల్ సీట్లలోంచే అని ఒప్పందంలో ఉంది. 1935 చట్టం పట్టిక చూస్తే ఇంకా స్పష్టం. 'మొత్తం జనరల్ సీట్లు' అని ఒక నిలువు గడి. దాని పక్కన 'జనరల్ సీట్లలో షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయినవి' అని ఇంకో గడి. మద్రాసు శాసనసభలో 215 సీట్లు, అందులో జనరల్ 146, ఆ 146 లోపల 30 మనవి. అంటే చట్టం భాషలో మనం జనరల్ లోపల ఉన్నాం, బయట లేం. మనల్ని విడిగా పోనివ్వకుండా 'మీరూ మాలో భాగమే' అని ప్రాణం పణంగా పెట్టి మరీ కలుపుకున్నారు గదా. కలుపుకున్నాక జనరల్ అనే మాటలోంచి మాత్రం గెంటేశారు. రెండు పక్కలా దెబ్బ!

రాజ్యాంగం ఈ మాటను సరైన అర్థంలోనే వాడింది. 325వ ఆర్టికలు తీసి చదవండి. ప్రతి నియోజకవర్గానికి ఒకే ఒక జనరల్ ఓటర్ల జాబితా ఉండాలి, మతం, జాతి, కులం, లింగం కారణంగా ఎవరినీ అందులోంచి తప్పించకూడదు. మాలపల్లె ఓటూ, మాదిగపల్లె ఓటూ, కరణంగారి ఓటూ ఒకే జాబితాలో. అదీ జనరల్ అంటే.

ఇప్పుడు మన ఉత్తరాంధ్రలో జరిగిన సంగతొకటి చెప్తాం. ఇది మీ పాఠ్యపుస్తకాల్లో ఉండదు. మొదటి రెండు సార్వత్రిక ఎన్నికల్లో కొన్ని చోట్ల ద్విసభ్య నియోజకవర్గాలుండేవి. ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు. ఒకటి జనరల్ సీటు, ఒకటి రిజర్వుడు సీటు. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానం అలాంటిదే, అక్కడ రిజర్వుడు సీటు షెడ్యూల్డు తెగలకు. జనరల్ సీటుకు నిలబడ్డవారు వి.వి. గిరిగారు. అప్పటికే కేంద్రంలో కార్మిక మంత్రిగా చేసిన పెద్దమనిషి, తర్వాత రాష్ట్రపతి కూడా అయ్యారు. ఓట్లు లెక్కపెడితే గిరిగారికన్నా ఇద్దరు గిరిజన అభ్యర్థులకు ఎక్కువ వచ్చాయి. ఎక్కువ వచ్చిన బి. సత్యనారాయణకు రిజర్వుడు సీటు, రెండో ఆయన దిప్పల సూరిదొరకు జనరల్ సీటు ఇచ్చి గెలిచినట్టు ప్రకటించారు. గిరిగారు ఊరుకుంటారా? కోర్టుకు పోయారు. సూరిదొర షెడ్యూల్డు తెగ అభ్యర్థిగా నామినేషన్ వేశాడు గనక జనరల్ సీటు ఆయనకు ఎట్లా ఇస్తారని ఒక వాదన. అసలాయన గిరిజనుడే కాడు, వాళ్ల కుటుంబం క్షత్రియులయిపోయిందని ఇంకో వాదన. చూడండి తమాషా, జనరల్ సీటు గెలిచాడనేసరికి గిరిజనుడు క్షత్రియుడు కూడా అయిపోతాడు! 1959లో సుప్రీంకోర్టు రెండు వాదనలూ కొట్టేసింది. షెడ్యూల్డు తెగ మనిషికి రిజర్వుడు సీటు మీద హక్కు అదనపు హక్కు, జనరల్ సీటు మీద అందరితో పాటు ఉండే హక్కు దానివల్ల పోదు అని చెప్పింది.

మిత్రులారా, ఈ 'అదనపు' అనే మాటను గుండెల మీద రాసుకోండి. రిజర్వేషన్ మన హద్దు కాదు.

1961లో ద్విసభ్య నియోజకవర్గాల్ని రద్దు చేశారు. రిజర్వుడు స్థానం వేరు, జనరల్ స్థానం వేరు అయిపోయింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 స్థానాల్లో ఎస్సీలకు 29, ఎస్టీలకు 7. తెలంగాణలో 119లో 19, 12. మిగతా స్థానాల్లో ఎవరైనా నిలబడొచ్చని చట్టం. ఏ పెద్ద పార్టీ అయినా ఎన్ని జనరల్ స్థానాల్లో దళితుడికి టిక్కెట్టిచ్చిందో మీ వేళ్ల మీద లెక్కేయండి, వేళ్లు మిగిలిపోతాయి. 2024లో ఉత్తరప్రదేశ్‌లో అయోధ్య ఉన్న ఫైజాబాద్ లోక్‌సభ స్థానం నుంచి పాసీ కులస్థుడు అవధేశ్ ప్రసాద్ గెలిస్తే దేశమంతా వింతగా చెప్పుకున్నారు. జనరల్ సీట్లో దళితుడు గెలిచాడట! అందరి సీటులో అందరిలో ఒకడు గెలిస్తే అది వార్త. ఆ మాట ఎంత పాడైందో ఆ వార్తే చెప్తుంది.

ఇక మీకు రేపు ఎదురయ్యే సంగతి, ఉద్యోగాలు. మన తెలుగు రాష్ట్రాల్లో జనరల్‌కి బదులు 'ఓసీ' అనే మాట ఎక్కువ వాడతారు. ఓసీ అంటే ఏమిటి? ఓపెన్ కాంపిటీషన్. తలుపు తెరిచిన పోటీ. దాన్ని కూడా కులం పేరు చేశారు. 'మేం ఓసీలం', 'ఓసీ కులాలు', 'ఓసీ సంఘం'. ఓపెన్ అనే విశేషణానికి తలుపేసి గొళ్లెం పెట్టారు.

కొన్నేళ్ల కిందట మా దగ్గర చదువుకున్న ఒక పిల్లవాడు ఉద్యోగ పరీక్ష రాశాడు. ఓపెన్ కటాఫ్ కన్నా అతనికి మార్కులెక్కువ. సర్టిఫికెట్ల పరిశీలనకు మేమూ వెంట వెళ్లాం. అక్కడి గుమాస్తా కుల ధ్రువపత్రం చూశాడు, ఫైలు తీసి ఎస్సీ కట్టలో పడేశాడు. అయ్యా, మార్కులు చూడండి, ఇతను ఓపెన్లో రావాలి గదా అన్నాం. 'ఎస్సీ గదండీ, ఎస్సీలోనే పోతాడు. ఎందులో అయితే ఏం, ఉద్యోగం వస్తది గదా! ఓపెన్లో పెడితే మావాళ్లకి ఒకటి పోదూ?' అన్నాడు. కోపంగా కాదు, చాలా మామూలుగా, టీ తాగుతా అన్నాడు. ఆ 'మావాళ్లకి' అనేది ఆయన నోట్లోంచి దొర్లిందే గానీ ఆలోచించి అన్నది కాదు. అర్జీలు పెట్టాం, పై అధికారి దగ్గరికి పోయాం, రెండు నెలలు తిరిగాం. జాబితా మారింది. పిల్లవాడు ఓపెన్లోకి వెళ్లాడు. ఎస్సీ జాబితాలో కింద ఆగిపోయిన ఒక కూలీ కూతురికి ఆ ఉద్యోగం వచ్చింది. ఎందులో అయితే ఏం అన్నాడు గదా, అదిగో, ఆ అమ్మాయి ఇల్లే తేడా.

దీని వెనక ఉన్న న్యాయం తెలుసుకోండి. 1992 నవంబరులో ఇంద్రా సహానీ కేసు తీర్పులో, 1995లో ఆర్.కె. సబర్వాల్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది: రిజర్వుడు వర్గాల మనిషి తన మార్కులతో ఓపెన్‌లో ఎంపికయితే అతన్ని రిజర్వేషన్ కోటాలో లెక్కవెయ్యకూడదు. 2020 డిసెంబరులో సౌరవ్ యాదవ్ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది: ఓపెన్ అనేది ఎవరి కోటా కాదు, ఆడా మగా అందరికీ తెరిచినదే. కాబట్టి వంద పోస్టుల్లో 15 మనవి అనే మాట మీ నోట రాకూడదు. 15 మనకు మాత్రమే. ఓపెన్లో ఉన్నవి మనకూ. ఈ రెండు మాటల మధ్య తేడా తెలియక ఎన్ని వందల ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో!

ఒక జాగ్రత్త. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో వయసు సడలింపో, అదనపు అవకాశాలో వాడుకుని దరఖాస్తు చేస్తే ఓపెన్ పోస్టుకు లెక్కలోకి తీసుకోరు. 1998 నుంచి ఆ నిబంధన ఉంది, 2017లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. కాబట్టి వయసు మీరక ముందే, మొదటి ప్రయత్నాలలోనే గట్టిగా చదవండి. ప్రతి నోటిఫికేషన్లో ఈ షరతు ఎట్లా రాశారో దరఖాస్తుకు ముందే చదవండి. ఫలితాలొచ్చాక ఎస్సీ జాబితా తియ్యడం కాదు, ముందు ఓపెన్ జాబితా తీసి చివరి మార్కెంతో చూడండి.

'ప్రతిభావంతులు మేం, ప్రత్యేకం మీరు' అంటారు గదా, ప్రత్యేకం ఎవరో కూడా లెక్కపెట్టారు. తెలంగాణ ప్రభుత్వం 2024 చివర్లో ఇంటింటి కుల సర్వే చేసి 2025 ఫిబ్రవరిలో లెక్కలు బయటపెట్టింది. ఓసీలు, ముస్లిం ఓసీలతో కలుపుకుని కూడా, నూటికి 15.79. ఎస్సీలు 17.43. మనకన్నా తక్కువ మంది! నూటికి పదహారు కూడా లేనివాళ్లు జనరల్, మిగతా ఎనభై నాలుగు మంది స్పెషలా? ఇదెక్కడి ఇంగ్లీషు?

2019లో 103వ రాజ్యాంగ సవరణ తెచ్చి ఆర్థికంగా బలహీన వర్గాలకు 10 శాతం అన్నారు. ఎవరా బలహీనులు? ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లు. ఎస్సీ, ఎస్టీ, బీసీల్లో పేదలు మాత్రం అందులోకి రారు. చెప్పులు కుట్టే మనిషి పేదవాడు కాదు, నెలకు అరవై వేలు వచ్చేవాడు పేదవాడు! 2022 నవంబరులో సుప్రీంకోర్టు అయిదుగురిలో ముగ్గురి మాటతో దీన్ని సమర్థించింది. ఇద్దరు న్యాయమూర్తులు, రవీంద్ర భట్, అప్పటి ప్రధాన న్యాయమూర్తి యు.యు. లలిత్, మమ్మల్ని తీసేయడం అన్యాయమని విడిగా రాశారు. జనరల్ అంటే అందరూ అన్న అర్థం నిజంగా ఉంటే జనరల్ పేదల్లో మన పేదలు ఉండేవాళ్లు. ఆ రోజుతో దాచిపెట్టిన కులం బయటపడింది. పేరు చెరిపిన గడి మీద మళ్లీ పేరు రాసుకున్నారు, కాకపోతే 'పేద' అని రాసుకున్నారు.

ఇందాక ఆ గుమాస్తా 'మావాళ్లకి' అన్నాడని చెప్పాం. మన భాషలో ఒక గొప్ప సౌకర్యం ఉంది, ఇంగ్లీషులో లేదు. 'మనం' వేరు, 'మేము' వేరు. మనం అంటే వింటున్న నువ్వు కూడా. మేము అంటే నువ్వు కాదు. ఇంగ్లీషువాడికి రెండింటికీ ఒకటే మాట. జనరల్ అనే మాటను కాయితం మీద 'మనం' అని రాసి, నోటితో 'మేము' అని చదువుతున్నారు. ఇది వాళ్లు ఇంగ్లీషు నేర్చుకున్నాక నేర్చిన విద్య కాదు, ఊళ్లో ముందు నుంచీ ఉన్నదే. 'ఊరు' అనే మాట చూడండి. ఊరంతా భోజనాలన్నారంటే మన పల్లె అందులో లేదు. ఊరు వేరు, పల్లె వేరు. ఊరుమ్మడి చెరువు, ఊరుమ్మడి బావి అన్నారు. ఉమ్మడి అంటే అందరిదీ గదా! ఆ నీళ్లు తోడుకుంటే మా తాతల చేతులు విరిచారు. మహద్‌లో 1927లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగినప్పుడు అది పురపాలక సంఘం అందరికీ తెరిచిన చెరువు. అగ్రకులాలవాళ్లు కోర్టుకు పోయి ఏమన్నారు? అది పబ్లిక్ చెరువు కాదు, మా సొంతమన్నారు. బొంబాయి హైకోర్టులో ఆ కేసు 1937లో మన పక్షాన తేలింది. పదేళ్లు పట్టింది ఒక విశేషణం తేలడానికి! చుండూరులో 1991లో గొడవ ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో. టిక్కెట్టు కొన్నవాడెవడైనా కూచునే చోట, కాలు తగిలిందని. ఆగస్టు 6న 8 మందిని నరికి చంపారు. అందరిదీ అన్న ప్రతి చోటా మనం అడుగుపెట్టిన రోజే అది అందరిదీ కాదని తెలుస్తుంది.

'జనరల్‌గా' అని ఇంకో వాడుక ఉంది, అదీ జాగ్రత్తగా వినండి. పట్నంలో ఇల్లు అద్దెకు అడిగితే 'జనరల్‌గా మేం ఫ్యామిలీలకే ఇస్తామండి, మీరు ఏమిట్లు?' అంటారు. 'జనరల్‌గా మాకు అట్లాంటి పట్టింపుల్లేవు, మా అమ్మగారే...' అంటారు. మాల మాదిగలకివ్వం అని మొహాన అంటే కేసవుతుంది. జనరల్‌గా అంటే ఏ కేసూ లేదు.

అయిపోవచ్చింది, ఒక్క సంగతి చెప్పి ఆపేస్తాం. ఇది వాళ్ల గురించి కాదు. చప్పట్లు కొట్టే సంగతీ కాదు.

పంచాయతీ ఎన్నికలప్పుడు నోటీసు బోర్డు మీద 'ఎస్సీ జనరల్', 'ఎస్సీ మహిళ' అని ఉంటుంది. ఎస్సీ జనరల్ అంటే ఏమిటి? ఎస్సీల్లో ఎవరైనా, ఆడైనా మగైనా. మన పల్లెల్లో దాన్ని ఎట్లా చదువుతున్నారు? 'ఎస్సీ మగ' అని చదువుతున్నారు. 73వ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. ఇన్నేళ్లలో సర్పంచి పదవి ఎస్సీ జనరల్ అయినప్పుడు మీ ఊళ్లో ఒక్క ఆడమనిషిని నిలబెట్టారా? 'ఆడోళ్లకు వేరే ఉంది గదా, దీంట్లోకి ఎందుకు?' అంటారు మన పెద్దలు. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? ఆ గుమాస్తా టీ తాగుతా అన్న మాటే ఇది. అలాగే 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు అడిగిన ప్రశ్న కూడా ఇదే: ఎస్సీ అనే ఉమ్మడి గంపలో నిజంగా అందరికీ అందుతున్నదా? మేం అప్పుడూ ఆ ప్రశ్న న్యాయమైనదన్నాం, మాలపల్లెలో కూడా అన్నాం, తిట్లు కూడా తిన్నాం. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనంలో ఆరుగురు వర్గీకరణ చెయ్యొచ్చన్నారు. దాన్ని ఎట్లా చెయ్యాలన్న దాని మీద తగువులుంటే కూచుని మాట్లాడుకుందాం. ప్రశ్నే వద్దనడం మాత్రం మనకు తగదు. జనరల్ అన్న మాటలోంచి మనల్ని గెంటినవాళ్ల దగ్గర నేర్చుకున్న విద్యను మన ఆడబిడ్డల మీద, మనకన్నా కింద ఉన్న కులాల మీద, రెల్లి, డక్కలి వంటివాళ్ల మీద ప్రయోగించడానికి కాదు గదా మనం సంఘాలు పెట్టుకున్నది.

ఇక ప్రశ్నలు అడగండి. ముందు ఆ వెనక వరసలో కూచున్న ఆడపిల్లలు అడగాలి. ఇందాకట్నుంచీ చేయి సగం ఎత్తి దించేస్తున్న అమ్మాయి, నువ్వేనమ్మా, లేచి నిలబడి అడుగు.